మధుపర్కం తెలుపు, మదనిక నలుపు



కెమెరా మెనూలో కాంట్రాస్ట్ అని ఒక చిన్న గీత ఉంటుంది. ఒక చివర మైనస్, ఇంకో చివర ప్లస్, నడుమ సున్నా. కొన్న రోజున సున్నా మీద ఉన్నది చాలామంది కెమెరాల్లో ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఆ గీత గురించి ఫొటోలు తీసేవాళ్లలో రెండు గట్టి నమ్మకాలున్నాయి. కాంట్రాస్ట్ పెంచితే కెమెరా డైనమిక్ రేంజ్ తగ్గిపోతుందని, తగ్గిస్తే పెరుగుతుందని కొందరంటారు. సెన్సర్ పట్టుకున్నదాన్ని దిద్దకుండా దాచే రా ఫైల్ తీసేవాళ్లకు ఆ సెట్టింగుతో పనే లేదని, కెమెరాయే దిద్ది ఇచ్చే జెపెగ్ తీసేవాళ్లే దాన్ని పట్టించుకోవాలని ఇంకొందరంటారు. మొదటి మాట కెమెరా విషయంలో తప్పు, ఫొటో విషయంలో ఒప్పు. రెండో మాట ఫైలు విషయంలో ఒప్పు, ఫొటోగ్రాఫర్ విషయంలో తప్పు. కాంట్రాస్ట్ సెట్టింగు సెన్సర్‌ని తాకదు. కానీ సెన్సర్ పట్టుకున్నదాంట్లో మనదాకా ఎంత వస్తుందో అదే తేలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, షట్టర్ నొక్కే మనిషికి అది తప్పుడు సమాచారం ఇవ్వగలదు. అందుకే తీసేటప్పుడు దాన్ని తగ్గించి ఉంచాలని, తరవాత కూర్చుని దిద్దుకునేటప్పుడు కావలసినంత పెంచుకోవాలని నా వాదన. అదెందుకో వివరంగా చెబుతాను.

డైనమిక్ రేంజ్ అనే మాట రేడియో స్టూడియోలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం. నాదస్వర కచేరీ రికార్డు చేస్తున్నారు. డోలు మీద గట్టి దెబ్బ పడినప్పుడు మీటరు ముల్లు హద్దు దాటిపోతే ఆ శబ్దం చీలిపోయి, బొంగురుగా వినిపిస్తుంది. అది ఇక బాగుపడదు. అలాగని లెవెలు బాగా తగ్గించి పెడితే, వెనక సన్నగా సాగే శ్రుతి యంత్రాల సొద కింద మునిగిపోతుంది. చీలిపోయే గట్టిదనానికీ, మునిగిపోయే మెత్తదనానికీ నడుమ ఉన్న దూరమే డైనమిక్ రేంజ్. రికార్డు అయ్యాక, ప్రసారం చేసేటప్పుడు ఇంకో పని ఉంటుంది. వినేవాళ్లు వంటింట్లో కుక్కరు పక్కన ఉండవచ్చు, బస్సులో ఉండవచ్చు. మెత్తటి శబ్దం వాళ్లదాకా చేరాలంటే దాన్ని కొంచెం పైకెత్తాలి, గట్టి శబ్దాన్ని కొంచెం కిందికి దించాలి. ఈ రెండో పని ఎంత నేర్పుగా చేసినా, మొదటి పనిలో చీలిపోయిన డోలు దెబ్బను తిరిగి తేలేదు. ఫొటోలో ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుతురు లోపలికి రానివ్వాలన్నది, మొదటి పని; కాంట్రాస్ట్ రెండో పని. రెండూ ఒకే కెమెరాలో, ఒకే క్షణంలో, ఒకే మెనూలో ఉండడం వల్ల వచ్చిన తికమకే ఈ చర్చకంతటికీ మూలం.

సెన్సర్ మీద ప్రతి పిక్సెల్‌నూ ఒక చిన్న కుండ అనుకోండి. వెలుతురు పడుతుంటే అందులో ఎలక్ట్రాన్లు చేరుతుంటాయి. కుండ నిండాక ఎంత వెలుతురు పడ్డా లెక్కలోకి రాదు, అక్కడ ఉత్త తెలుపే మిగులుతుంది. ఇక అడుగున, ఆ ఎలక్ట్రాన్లను కొలిచే సర్క్యూటు తనవంతు కొంత తప్పు కలుపుతుంది. దాన్నే నాయిస్ అంటున్నాం. ఉదాహరణకు ఒక కుండలో 50,000 ఎలక్ట్రాన్లు పట్టి, కొలిచేటప్పుడు కలిసే నాయిస్ 3 ఎలక్ట్రాన్లంత ఉంటే, ఆ రెండింటి నిష్పత్తి 16,700 దరిదాపు. ఒకటిని 14 సార్లు రెట్టింపు చేస్తే 16,384 వస్తుంది. ఒక్కో రెట్టింపు ఒక స్టాప్ కాబట్టి ఆ సెన్సర్ డైనమిక్ రేంజ్ 14 స్టాప్‌లు. ఇది కాగితం మీది లెక్క. వెలుతురు కూడా వాన చినుకుల్లాగే విడివిడిగా పడుతుంది. సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట పది అటూ ఇటూ అవుతుంది, 10,000 పడాల్సిన చోట వంద అటూ ఇటూ అవుతుంది. మొదటిదాంట్లో తేడా పదో వంతు, రెండోదాంట్లో నూరో వంతు. అందుకే నీడల్లోని అట్టడుగు స్టాప్‌లు లెక్కకు ఉన్నా కంటికి పనికిరావు, ఇసక చల్లినట్టుంటాయి. సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని పెంచి చూపే ఐఎస్ఓను రెట్టింపు చేసిన ప్రతిసారీ పైనుంచి సుమారు ఒక స్టాప్ పోతుంది. ఈ లెక్క మొత్తంలో కుండ పరిమాణం ఉంది, సర్క్యూటు నాయిస్ ఉంది, వెలుతురు స్వభావం ఉంది, ఐఎస్ఓ ఉంది. కాంట్రాస్ట్ ఎక్కడా లేదు. మైనస్ నాలుగులో పెట్టినా ప్లస్ నాలుగులో పెట్టినా కుండ అదే కుండ.

మరి ఫొటోలో తేడా ఎందుకు కనిపిస్తుంది? మనకు బాగా తెలిసిన ఒక దృశ్యం తీసుకుందాం. పగటి ముహూర్తం. వధూవరులు మధుపర్కాలు కట్టుకుని ఉన్నారు. ఎర్రంచు తెల్ల నూలు బట్ట తన మీద పడ్డ వెలుతురులో ఇంచుమించు నూటికి 90 వంతులు తిప్పి పంపుతుంది. చామనఛాయ ముఖం సుమారు 15 నుంచి 20 వంతులు, నల్లటి జడ నాలుగైదు వంతులు పంపుతాయి. అన్నిటి మీదా ఒకే వెలుతురు పడితే బట్టకూ జడకూ మధ్య తేడా నాలుగున్నర స్టాప్‌లు మించదు. ఏ కెమెరాకైనా ఇది తేలిక. కానీ పందిట్లో వెలుతురు అలా సమంగా ఉండదు. తాటాకుల సందుల్లోంచి ఎండ వరుడి భుజం మీద పడుతుంది, పక్కనే పురోహితుడు నీడలో ఉంటాడు. ఎండకూ, పందిరి నీడకూ మూడు నాలుగు స్టాప్‌ల తేడా సులభంగా ఉంటుంది. అప్పుడు ఎండలోని తెల్ల బట్ట నుంచి నీడలోని వధువు జడ దాకా ఎనిమిది, తొమ్మిది స్టాప్‌లవుతుంది. సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టుకున్నదంతా మనం చూసే తెర మీదికి వస్తుందా అన్నదే ప్రశ్న.

తెరకూ ఒక హద్దు ఉంది. మామూలు గదిలో పెట్టిన మామూలు తెర మీద అత్యంత తెలుపుకూ, అత్యంత నలుపుకూ మధ్య తేడా తొమ్మిది స్టాప్‌లనుకుందాం. దాన్ని తొమ్మిది మూరల ఎత్తున్న మిద్దె అనుకోండి. నిచ్చెన అడుగు మిద్దె గోడకు ఎంత దూరంలో ఉంటే, అసలు దృశ్యంలోంచి అన్ని స్టాప్‌లు పైకెక్కినట్టు. నిచ్చెన ఏటవాలే కాంట్రాస్ట్. ఎంత దూరం పోతే అంత ఎత్తు ఎక్కేలా వేస్తే, తొమ్మిది స్టాప్‌ల దృశ్యం తొమ్మిది మూరల్లో సరిగ్గా సరిపోతుంది. కాంట్రాస్ట్ పెంచి, మూర దూరానికి మూరన్నర ఎత్తు ఎక్కేలా నిటారుగా వేస్తే, ఆరు స్టాప్‌ల దూరంలోనే మిద్దె అంచు అందేస్తుంది. మిగిలిన దృశ్యమంతా నిచ్చెనకు అవతలే ఉండిపోతుంది, అంటే అటు పూర్తి తెలుపులోకో, ఇటు పూర్తి నలుపులోకో పోతుంది. ఏటవాలు ముప్పావుకు తగ్గిస్తే పన్నెండు స్టాప్‌ల దృశ్యం పడుతుంది. కాంట్రాస్ట్‌కూ, ఫొటోలో కనిపించే డైనమిక్ రేంజ్‌కూ ఉన్న సంబంధం ఇంతే. మిద్దె ఎత్తు మారదు కాబట్టి ఒకటి పెరిగితే రెండోది తగ్గి తీరాలి. కెమెరాలోని గీత కదిపినప్పుడు మారేది ఈ నిచ్చెన.

అసలు కెమెరాల్లో నిచ్చెన ఇంత తిన్నగా ఉండదు. అడుగునా, పైనా మెల్లగా వంగుతుంది, అందుకే తెలుపు ఒక్కసారిగా తెగిపోకుండా నెమ్మదిగా కరిగినట్టు కనిపిస్తుంది. ఈ వంపును మొదట కొలిచి గీసినవాళ్లు ఫెర్డినాండ్ హర్టర్, వెరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు. ఇంగ్లండులో రసాయన పరిశ్రమలో పనిచేస్తూ, 1890లో తమ పరిశోధన ప్రచురించారు. గాజు పలక మీద పడ్డ వెలుతురు ఎంత, దానివల్ల వచ్చిన నలుపు ఎంత అని కొలిచి, ఒక గీతగా చూపించారు. ఆ గీతలో కింది వంపుకు కాలి మునివేళ్ల పేరు, పై వంపుకు భుజం పేరు స్థిరపడ్డాయి. నూటముప్పై ఏళ్లు దాటినా కెమెరాల్లోని టోన్ కర్వ్ రూపం అదే.

కాంట్రాస్ట్, రేంజ్ ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయనడానికి ఫిల్మ్ కాలమే మంచి సాక్ష్యం. నెగటివ్ ఫిల్మ్ ఏటవాలు ఒకటికి బాగా తక్కువ, 0.6 దరిదాపు. అందుకే అది పది స్టాప్‌లకు పైగా పట్టుకునేది. స్టూడియోలో ఒక స్టాప్ అటూ ఇటూ అయినా ప్రింటులో సరిచేసేవాళ్లు. స్లైడ్ ఫిల్మ్‌ని నేరుగా వెలుతురులో పెట్టి చూస్తారు కాబట్టి దానికి నిటారు ఏటవాలు తప్పదు. రంగులు మెరిసిపోయేవి, కానీ అది పట్టేది ఐదారు స్టాప్‌లే. అర స్టాప్ తప్పినా తెలుపు పోయేది. రెండూ ఫిల్మ్‌లే, రెండూ వెండి లవణాల మీద పనిచేసేవే. తేడా అంతా కాంట్రాస్ట్ ఎక్కడ పెట్టారన్నదే. సినిమావాళ్లు దీన్ని ఇంకా స్పష్టంగా విడదీశారు. కెమెరాలో వేసే నెగటివ్ చప్పగా ఉండేది, థియేటరుకు పంపే ప్రింటు ఫిల్మ్ ఏటవాలు రెండున్నరకు పైగా ఉండేది. పట్టుకునేటప్పుడు కాంట్రాస్ట్ తక్కువ, చూపించేటప్పుడు ఎక్కువ. డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చేదాకా మద్రాసు లాబొరేటరీల్లో కడిగిన తెలుగు సినిమాలన్నీ ఈ పద్ధతిలో వచ్చినవే. కాబట్టి తీసేటప్పుడు కాంట్రాస్ట్ తగ్గించమనడం కొత్త సలహా కాదు. నెగటివ్ చేసిన పని ఇప్పుడు రా ఫైల్ చేస్తుంది, ప్రింటు చేసిన పని జెపెగ్ చేస్తుంది. కాంట్రాస్ట్ పెంచిన జెపెగ్‌తో పెళ్లి తియ్యడమంటే స్లైడ్ ఫిల్మ్‌తో పెళ్లి తియ్యడమే.

ఇక్కడ రా ఫైల్ వాళ్ల అభ్యంతరం వస్తుంది. మేము నెగటివే ఉంచుకుంటున్నాం, ప్రింటు ఎలా ఉంటే మాకేం, సెట్టింగు ఎక్కడున్నా ఫైలు అదే కదా అంటారు. ఫైలులోని అంకెల వరకు వాళ్లు చెప్పేది నిజం. కానీ ఫొటో తియ్యగానే కెమెరా వెనక తెర మీద వాళ్లు చూసేది రా ఫైల్ కాదు. కెమెరా అప్పటికప్పుడు తయారుచేసిన జెపెగ్‌ని చూస్తారు. వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ ఆ జెపెగ్ నుంచే వస్తుంది. తెలుపు ఓవర్ అయిందని మినుకు మినుకుమనే హెచ్చరికా అక్కడినుంచే వస్తుంది. కాంట్రాస్ట్ పెంచి ఉంచితే నిచ్చెన నిటారుగా ఉంటుంది కాబట్టి, సెన్సర్ కుండలో ఇంకా చోటున్నా తెర మీద తెలుపు మినుకుమంటుంది. జాగ్రత్తపరుడైన ఫొటోగ్రాఫర్ భయపడి ఒక స్టాప్ తగ్గిస్తాడు. ఆ తగ్గించడం మాత్రం సెట్టింగు కాదు, నిజం. కుండలో పడాల్సిన వెలుతురులో సగమే పడుతుంది. తరవాత నీడల్ని పైకెత్తితే ఇసక కనిపిస్తుంది. అలా కాంట్రాస్ట్ సెట్టింగు రా ఫైల్‌ని తాకకుండానే రా ఫైల్‌ని పాడు చేసింది.

దీనికి ఎదురుగా జరిగే నష్టం మన ముఖాల విషయంలో ఉంది. నన్ను ఎక్కువ బాధించేది ఇదే. కాంట్రాస్ట్ పెంచినప్పుడు నడిమి బూడిద రంగు ఉన్నచోటే ఉంటుంది. దానికన్నా వెలుగైనవి ఇంకా వెలుగవుతాయి, చీకటైనవి ఇంకా చీకటవుతాయి. ఆ నడిమి బూడిద నూటికి 18 వంతుల వెలుతురు తిప్పి పంపే రంగు. తెల్లవాళ్ల ముఖం దానికి సుమారు ఒక స్టాప్ పైన ఉంటుంది, అందుచేత కాంట్రాస్ట్ పెంచితే ఆ ముఖం కాంతిమంతమవుతుంది. మనలో చాలామంది ముఖాలు ఆ బూడిద దగ్గరో, దాని కిందో ఉంటాయి. అదే సెట్టింగు వీటిని కిందికి తొక్కుతుంది. ఫిల్మ్ కాలంలో అమెరికా లాబొరేటరీలు రంగులు సరిచూసుకోడానికి వాడిన షిర్లీ కార్డుల మీద తెల్లజాతి యువతి బొమ్మే ఉండేదన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సరే, ముఖం నల్లబడిందని తెర మీద చూసిన ఫొటోగ్రాఫర్ ఏం చేస్తాడు? ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచుతాడు. ముఖం బాగుపడుతుంది. కానీ మధుపర్కం తెలుపు నడిమి బూడిదకు రెండుంపావు స్టాప్‌ల పైన ఉన్నది కాస్తా మూడుంపావుకు చేరుతుంది. అదే ఎండ తునక పడ్డచోట అయితే కుండ పొర్లిపోతుంది. నేత పోగులు పోతాయి, ఎర్రంచు పక్కన బట్ట ఉత్త కాగితంలా మిగులుతుంది. ఇది రా ఫైల్‌లో కూడా తిరిగి రాదు. ముఖం నల్లగా ఉండడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. ముఖాన్ని కిందికి తొక్కింది కాంట్రాస్ట్ అయితే, శిక్ష ఎక్స్‌పోజర్‌కు వేశారు. కాంట్రాస్ట్ తగ్గించి ఉంటే ముఖం తెర మీద తన అసలు చోటులోనే కనిపించేది, ఎక్స్‌పోజర్ పెంచాలన్న ఆలోచనే వచ్చేది కాదు.

అలాగైతే కాంట్రాస్ట్ ఎప్పుడూ అట్టడుగున ఉంచితే సరిపోతుందా? రా ఫైల్ తీసేవాళ్లకు సరిపోతుంది. తెర మీద ఫొటో చప్పగా కనిపిస్తుంది గానీ హిస్టోగ్రామ్ నిజానికి దగ్గరగా ఉంటుంది. అప్పుడు కూడా అది రా ఫైల్ అసలు హద్దుకన్నా కొంచెం ముందే హెచ్చరిస్తుంది, ఆ మాత్రం భద్రత మంచిదే. జెపెగ్ మాత్రమే తీసేవాళ్ల విషయం వేరు. జెపెగ్‌లో ఒక్కో రంగుకు ఉన్న మెట్లు 256 మాత్రమే. ఆరు స్టాప్‌లకు వాటిని సమంగా పంచితే స్టాప్‌కు నలభైకి పైగా వస్తాయి. పన్నెండు స్టాప్‌లకు పంచితే ఇరవై ఒకటి. తరవాత కంప్యూటర్‌లో కాంట్రాస్ట్ పెంచినప్పుడు ఆ కొద్ది మెట్లే ఎడంగా సాగుతాయి. సాయంత్రపు ఆకాశంలో రంగు మెల్లగా మారాల్సిన చోట పట్టీలు పట్టీలుగా కనిపించేది అందుకే. కాబట్టి జెపెగ్ వాళ్లు అట్టడుగుకు పోకుండా, ఎండ ఎక్కువున్న చోట ఒకటి రెండు గీతలు తగ్గించడం మేలు. మబ్బు పట్టిన రోజున, అంతా ఒకే నీడలో ఉన్నప్పుడు తగ్గించాల్సిన పనే లేదు. దృశ్యంలోనే ఐదు స్టాప్‌లు లేనప్పుడు పన్నెండు స్టాప్‌ల నిచ్చెన ఎందుకు? ఇంకో సంగతి. చాలా కెమెరాల్లో కాంట్రాస్ట్ తగ్గిస్తే ఎక్కువ లాభం నీడల్లోనే కనిపిస్తుంది. పొర్లిపోయిన కుండలోని తెలుపును ఏ సెట్టింగూ వెనక్కి తీసుకురాదు. తగ్గించాం కదా అని ఎక్స్‌పోజర్‌ను వదిలెయ్యడం కుదరదు.

ఇక్కడ మరో ప్రశ్నకు తావుంది. కెమెరాల్లో డైనమిక్ రేంజ్ పేరుతోనే సెట్టింగులున్నాయి కదా, నికాన్‌లో యాక్టివ్ డి-లైటింగ్ అని, కానన్‌లో హైలైట్ టోన్ ప్రయారిటీ అని, ఫుజీఫిల్మ్‌లో డీఆర్ 200, డీఆర్ 400 అని. ఇవి నిజంగానే రేంజ్‌ను పెంచుతున్నట్టే కదా? ఇవి కుండను పెద్దది చెయ్యవు. కెమెరా మనకు తెలియకుండా ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, తరవాత నిచ్చెనను వంచి నడిమి రంగుల్ని పాత చోటికి ఎత్తుతుంది. ఫుజీలో డీఆర్ 200 అంటే ఒక స్టాప్, డీఆర్ 400 అంటే రెండు స్టాప్‌లు. అందుకే మొదటి ఐఎస్ఓ 200 ఉన్న ఆ కెమెరాల్లో డీఆర్ 400 కావాలంటే ఐఎస్ఓ 800 పెట్టాల్సి వచ్చేది. కానన్ కూడా హైలైట్ టోన్ ప్రయారిటీ వేస్తే ఐఎస్ఓ 100ను మూసేస్తుంది. పైన దొరికిన చోటుకు కింద నీడల్లో నాయిస్ రూపంలో మూల్యం చెల్లిస్తాం. ఎండలో మధుపర్కం తీసేటప్పుడు ఆ మూల్యం చెల్లించదగ్గదే, జెపెగ్ తీసేవాళ్లకు వీటికన్నా మంచి సాయం లేదు. కానీ రా ఫైల్ తీసేవాళ్లు వీటిని ఆపేసుకోవాలి. కాంట్రాస్ట్ గీత రా ఫైల్‌ని తాకదు గానీ ఇవి తాకుతాయి, ఎందుకంటే ఇవి ఎక్స్‌పోజర్‌నే మారుస్తాయి. ఒకే మెనూలో పక్కపక్కన ఉన్న సెట్టింగుల్లో ఏది ఫైలును మారుస్తుందో, ఏది బొమ్మను మాత్రమే మారుస్తుందో తయారీదారులు గుర్తు పెట్టి చూపిస్తే ఎంత మేలు జరిగేదో.

ఫోన్లు వచ్చాక ఈ చర్చే పాతబడిందని ఒక వాదన ఉంది. వేర్వేరు ఎక్స్‌పోజర్‌ల ఫొటోలు కలిపి రేంజ్ పెంచే హెచ్‌డీఆర్ 2010లోనే ఐఫోన్‌లోకి వచ్చింది. గూగుల్ 2013లో నెక్సస్ ఫోన్లలో పెట్టిన పద్ధతి ఇంకా తెలివైనది. తెలుపు పొర్లకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి, వరసగా ఎన్నో ఫొటోలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. తొమ్మిది ఫొటోల సగటు తీస్తే నాయిస్ మూడో వంతుకు తగ్గుతుంది. అడుగు హద్దు కిందికి జరిగింది కాబట్టి ఇక్కడ డైనమిక్ రేంజ్ నిజంగానే పెరిగింది, ఇది గొప్ప పని. కానీ పెరిగిన రేంజ్‌నంతా అదే మిద్దె మీదికి ఎక్కించాలి. అప్పుడు ఫోన్ ఆకాశానికో ఏటవాలు, ముఖానికో ఏటవాలు, చెట్టు కింది నీడకో ఏటవాలు వేస్తుంది. కాంట్రాస్ట్ నిర్ణయం మాయం కాలేదు, మన చేతిలోంచి ఫోన్‌లోకి పోయింది. ఆకాశమూ, ముఖమూ, నీడా ఒకే వెలుగులో ఉన్నట్టు వచ్చే ఫొటోల్లోని లోపం వెలుతురును పట్టుకోవడంలో లేదు. పట్టుకున్నదంతా చూపించి తీరాలన్న పట్టుదలలో ఉంది.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి దగ్గర ఈ తేడా కళ్లకు కడుతుంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఫొటోలు ఇంకా పెరిగాయి. గోడలు ఎర్రటి ఇసకరాయి, చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలనే స్త్రీ శిల్పాలు నున్నగా చెక్కిన నల్లరాయి. కింద నిలబడి పైకి చూస్తే మదనిక నీడలో ఉంటుంది, వెనక ఆకాశం మండుతుంటుంది. ఈ రెండింటినీ కాంట్రాస్ట్ పెంచిన జెపెగ్‌తో తీస్తే మదనిక ఉత్త నల్ల ఆకారమవుతుంది, మెడలో హారమూ, మడతల అంచులూ పోతాయి. హెచ్‌డీఆర్‌తో నీడలన్నీ ఎత్తేస్తే నల్లరాయి బూడిదరంగు సిమెంటు బొమ్మలా కనిపిస్తుంది. ఆ రాయి అందమంతా దాని నలుపులోనూ, ఆ నలుపు మీద నిగనిగలాడే సన్నటి వెలుగు గీతలోనూ ఉంది. శిల్పి కష్టపడి నునుపు చేసింది ఆ గీత కోసమే. దాన్ని కాపాడాలంటే నీడల వివరం ఫైలులో ఉండాలి, బొమ్మలో మాత్రం నలుపు నలుపుగానే నిలవాలి. అంటే పట్టుకునేటప్పుడు ఏటవాలు తక్కువ ఉండాలి, తరవాత మదనిక ఉన్న మేరకు నిచ్చెన నిటారుగా నిలబెట్టాలి. కాంట్రాస్ట్ తగ్గించమంటే నలుపు అంటే భయపడమని అర్థం కాదు. మాయాబజార్ సినిమాలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెలను ఇవాళ్టికీ చెప్పుకోవడానికి అందులోని నలుపులే సగం కారణం. కాకపోతే ఆ నలుపులు అనుకోకుండా పడ్డవి కావు, ఎక్కడ పడాలో ముందే లైట్లతో నిర్ణయించినవి.

ఇక చివరి మెట్టు కాగితం. నున్నటి ఫొటో కాగితం మీద తెలుపుకూ నలుపుకూ తేడా వంద రెట్లు, కొంచెం పైన. అంటే ఆరున్నర, ఏడు స్టాప్‌లు. మ్యాట్ కాగితం మీద ఐదు దాటితే గొప్ప. దినపత్రిక కాగితం మీద పది పన్నెండు రెట్లే, మూడున్నర స్టాప్‌లు. పెళ్లి ఆల్బమ్‌కూ, ఫోన్‌కూ, పేపర్‌లో వచ్చే ఫొటోకూ ఒకే జెపెగ్ పంపితే ఒక్కచోటే సరిగ్గా కుదురుతుంది. ఫోన్‌లో వెలిగిపోయిన బొమ్మ మ్యాట్ ఆల్బమ్‌లో మసకగా రావడానికి ప్రింటింగ్ వాళ్లను నిందిస్తాం గానీ, ఆ నిచ్చెన ఆ మిద్దె కోసం వేసింది కాదు. మంచి పద్ధతి ఏమిటంటే, ముహూర్తపు ఫొటోను ఏటవాలు తగ్గించి, ఎండ తునకలో బట్ట పోగులు నిలిచేలా తీసి ఉంచుకోవడం. ఆల్బమ్ కోసం జడలోని మల్లెలు విడివిడిగా కనిపించేదాకా నీడలను సర్దడం. ఫోన్ కోసం నడిమి రంగుల్లో కాంట్రాస్ట్ పెంచడం. పేపర్ కోసం మూడున్నర స్టాప్‌ల్లో దేన్ని ఉంచాలో తేల్చుకోవడం. అక్కడ ముఖం, బట్ట నేత రెండూ పట్టవు. ముఖాన్నే ఉంచుకుని, మధుపర్కం పోగులను వదిలేసి, ఆ తెలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసేలా ఎర్రంచును మాత్రం నిలబెట్టాలి.